పెద్దయ్యాక పరాయి భాష గబగబా వచ్చేస్తుందా? ఈ ఆరు నెలల మాట నిజమేనా?

వసపిట్ట
ఎక్కడ చూసినా "ఆరు నెలల్లో జర్మన్ గలగలా మాట్లాడేయండి", "మూడు నెలల్లో జపనీస్" అనే వీడియోలే. ఇంకోపక్క ఆఫీసులో సీనియర్లేమో "ముప్పై దాటాక కొత్త భాషా? ఇక నాలుక తిరగదులే" అని తేల్చేస్తున్నారు. నేను ఉద్యోగం కోసం జర్మన్ మొదలుపెట్టాను. పలకరింపులూ పరిచయాలూ అయిపోయాయి, ఇప్పుడు క్రియల దగ్గర తల తిరుగుతోంది. ఇందులో నిజమెంతో అనుభవం ఉన్నవాళ్లు సూటిగా చెప్పండి. ధైర్యం చెప్పడానికైతే రావద్దు, ఆ పని ఇంట్లోవాళ్లు చేస్తున్నారు.

అంకెలరాయుడు
నెలల్లో లెక్కేస్తే ఇది ఎప్పటికీ తేలదండీ, గంటల్లో వేయాలి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి నడుపుతుంది. అక్కడ చేరేవాళ్లంతా పెద్దవాళ్లే. ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి ఏ భాషకి ఎంత టైమ్ పడుతుందో దశాబ్దాలుగా చూసి వాళ్లు ఒక అంచనా పెట్టుకున్నారు. స్పానిష్ లాంటి దగ్గరి భాషకి దాదాపు 30 వారాలు, అంటే క్లాసులోనే ఆరేడు వందల గంటలు. జర్మన్‌కి 36 వారాలు. తెలుగుకి 44 వారాలు (అవును, కష్టమైన భాషల వరుసలో మనమూ ఉన్నాం, కాలరెగరేసుకోవచ్చు). జపనీస్, చైనీస్, అరబిక్, కొరియన్‌లకైతే 88 వారాలు, 2200 గంటలు. ఇదంతా చేసేది సున్నా నుంచి ఐదు దాకా ఉన్న కొలమానంలో మూడో మెట్టు ఎక్కడానికే, అంటే ఆ భాషలో ఉద్యోగం వెళ్లదీసుకునే స్థాయికి.

అదీ ఎలాగంటే, చదువుకోవడమే వాళ్ల డ్యూటీ, జీతం అందుకే వస్తుంది, క్లాసులో నలుగురైదుగురే ఉంటారు, ఇంటికెళ్లాక హోంవర్కు వేరే. అంత వసతి ఉన్నా స్పానిష్‌కే ఆరేడు నెలలు పడుతోంది. మనం ఆఫీసయ్యాక రోజుకో గంట కూర్చుంటే అదే స్పానిష్ రెండేళ్లకి కాస్త అటూ ఇటూ, జపనీస్ ఆరేళ్లు. కాబట్టి "ఆరు నెలలు" అనేవాడిని ముందు అడగాల్సింది రోజుకెన్ని గంటలు స్వామీ అని.

మొండిఘటం
అంకెలు బాగున్నాయి గానీ అసలు సంగతి వదిలేశారు. పిల్లల్ని చూడండి. ఎవరూ కూర్చోబెట్టి వ్యాకరణం చెప్పరు, కొత్త దేశంలో రెండేళ్లు గడిచేసరికి అక్కడి పిల్లల్లో కలిసిపోయి మాట్లాడేస్తుంటారు. భాషా శాస్త్రవేత్త ఎరిక్ లెనెబర్గ్ 1967లోనే రాశారు, భాష పట్టుబడడానికి ఒక వయసుంటుందని, యుక్తవయసు వచ్చాక ఆ శక్తి తగ్గిపోతుందని. 2018లో దాదాపు 6,70,000 మంది ఆన్‌లైన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణం క్విజ్ ఫలితాలు తీసి చూస్తే, పదిహేడు పద్దెనిమిదేళ్ల దాకా నిలకడగా ఉన్న శక్తి ఆ తర్వాత పడిపోతోందని తేలింది. ఇక ముప్పైల్లో మొదలుపెట్టి ఆరు నెలలంటే ఎవరి చెవిలో పువ్వు పెట్టడానికి?

కమలిని
మొండిఘటం గారూ, మీరు చెప్పిన ఆ 2018 పరిశోధనలో తేల్చాలనుకున్నది వేరు. వ్యాకరణం పక్కాగా పట్టుబడే శక్తి ఏ వయసు దాకా నిలుస్తుంది అన్నది అక్కడి ప్రశ్న. వసపిట్ట గారికి కావలసింది ఆఫీసులో మాట్లాడడం. రెండిటికీ చాలా దూరం.

వేగం ఒక్కటే చూస్తే పెద్దవాళ్లే ముందు, ఇది వినగానే చాలామంది ఒప్పుకోరు. 1978లో క్యాథరిన్ స్నో, మరియన్ హూఫ్‌నాగెల్-హోలే అనే ఇద్దరు పరిశోధకులు నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లిష్‌వాళ్లను పసిపిల్లల నుంచి పెద్దల దాకా తీసుకుని, ఏడాది పాటు పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. మొదటి నెలల్లో దూసుకుపోయింది పెద్దవాళ్లూ, పన్నెండు నుంచి పదిహేనేళ్ల వాళ్లూ. అందరికన్నా వెనకబడింది ఎవరో తెలుసా, మూడు నుంచి ఐదేళ్ల పసివాళ్లు! పిల్లలు తర్వాత అందుకున్నారు, కాదనను. ఉచ్చారణలో చివరికి పిల్లలదే పైచేయి, అదీ కాదనను. కానీ "పిల్లలకి గబగబా వస్తుంది" అనే మాట మాత్రం మనం దూరం నుంచి చూసి అనుకునేదే. పిల్లాడు బడిలో, ఆటల్లో రోజంతా ఆ భాషలోనే ఉంటాడు, తప్పు మాట్లాడినా ముద్దుగానే ఉంటుంది, పైగా ఐదేళ్లవాడికి బండీ, బంతీ, నాదీ, నీదీ వస్తే అనర్గళమే. మీరేమో జీతం పెంచమని అడగాలి, ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైందో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

రాత్రిబండి
నేను జర్మన్‌తోనే బతుకుతున్నాను కాబట్టి ఒక మాట. మాట్లాడడం అందరూ అనుకునేంత కష్టం కాదు. నాకు వచ్చిన మాటల్లోనే నేను చెప్పాల్సింది సర్దుకుంటాను, రానిదాన్ని పక్కదారిలో చెబుతాను. చిక్కంతా వినడం దగ్గర. అవతలివాడు నాకు తెలిసిన మాటలే వాడాలని రూలేం లేదు కదా.

ఉదాహరణకి ఫోన్ నంబర్. జర్మన్‌లో నలభై ఏడు అనాలంటే ముందు ఏడు చెప్పి తర్వాత నలభై అంటారు. పుస్తకంలో అది ఒక లైను, ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది, పరీక్షలో పూర్తి మార్కులొస్తాయి. అదే ఎవరైనా ఫోన్‌లో నంబర్‌ని రెండేసి అంకెలుగా గడగడా చెప్పేస్తుంటే, ఏడు వినగానే చేయి ఏడు రాసేస్తుంది, వెంటనే నలభై వస్తుంది, కొట్టేసి దాని ముందు నాలుగు ఇరికించేలోపు ఆయన ఇంకో రెండు జతలు దాటిపోయి ఉంటాడు. రూలు తెలియక కాదు. ఆ రూలు ఆలోచించకుండా నడవాలి, అలా నడవడానికి వందలసార్లు వినాలి. దీనికి అడ్డదారి నాకైతే కనబడలేదు.

మీటింగ్‌లో కూడా అంతే, నా వంతు వచ్చినప్పుడు చక్కగా నాలుగు ముక్కలు చెప్పేస్తాను, తర్వాత ఎవరో జోకేస్తారు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, అరక్షణం ఆలస్యంగా.

టాప్‌గేర్
అందరూ నీళ్లు చల్లడానికే వచ్చినట్టున్నారు. పన్నెండు భాషలు మాట్లాడేవాళ్లు వీడియోల్లో కళ్లముందే కనిపిస్తుంటే కాదంటారేంటి? పద్ధతి తెలియాలి బ్రో. రోజూ యాభై పదాలు కార్డులేసుకుని బట్టీ కొడితే మూడు నెలల్లో నాలుగు వేల పైనే. ఇంకేం కావాలి?

అంకెలరాయుడు
తమ్ముడూ, నైజెల్ రిచర్డ్స్ అని న్యూజిలాండ్ ఆయన ఒకరున్నారు. 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ (అక్షరాలతో పదాలు పేర్చే ఆట) ప్రపంచ పోటీ గెలిచారు. అందుకోసం తొమ్మిది వారాల పాటు ఫ్రెంచ్ పదాల జాబితా కంఠతా పట్టారట. ఫ్రెంచ్ పుట్టుక నుంచీ మాట్లాడేవాళ్లని ఓడించిన ఆయనకి ఆ భాషలో సంభాషణ నడపడం రాదు. పదాలు అవసరమే, నేను వద్దనను, మామూలు మాటలు ఇబ్బంది లేకుండా అర్థం కావాలంటే ఆరేడు వేల పదకుటుంబాలు (ఒకే మాట రూపాలన్నీ కలిపి ఒకటి) కావాలని ఇంగ్లిష్ విషయంలో పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 2006లో లెక్కగట్టారు కూడా. కానీ కార్డు మీద చూసి గుర్తుపట్టిన పదం వేరు, ఎదుటివాడి నోట్లోంచి సగం మింగేసి వచ్చినప్పుడు దొరికే పదం వేరు.

కమలిని
ఆ వీడియోల మీద నాకూ ఒక అనుమానం ఉంది. వాళ్లకి నేర్పు లేదని కాదు, ఉంది. కాకపోతే ఈసారి మూడు నాలుగు వీడియోలు వరసగా పెట్టుకుని చూడండి: నువ్వెక్కడివాడివి, ఈ భాష ఎలా నేర్చుకున్నావు, ఇంకా ఏమేం వచ్చు, అబ్బ భలే మాట్లాడుతున్నావే. ప్రతి భాషలో ఇదే సంభాషణ. అలవాటైన దారి కాబట్టి గలగలా సాగుతుంది. అదే మనిషిని బ్యాంకువాళ్లతో వాదించమనండి, డాక్టరుకి నొప్పి ఎలాంటిదో వర్ణించమనండి. పైగా చూసేవాళ్లలో చాలామందికి ఆ భాష రాదు, ఎలా మాట్లాడాడో తేల్చేదెవరు?

మొండిఘటం
ఇదిగో, ఇప్పుడు దారికొచ్చారు. ఇంకొకటి కూడా ఉంది. తొందరపడి మాట్లాడడం మొదలుపెడితే తప్పులు గడ్డకట్టుకుపోతాయి. రిచర్డ్ ష్మిట్ అనే భాషా పరిశోధకుడు 1983లో ఒక కేసు ప్రచురించారు. హవాయిలో స్థిరపడ్డ జపాన్ కళాకారుడు, క్లాసుల్లేవు, జనంలో తిరుగుతూనే ఇంగ్లిష్ నేర్చుకున్నాడు. కబుర్లు బ్రహ్మాండంగా చెప్పేవాడు, స్నేహితులు, వ్యాపారం, అన్నీ ఇంగ్లిష్‌లోనే. మూడేళ్ల పాటు గమనిస్తే వ్యాకరణం మాత్రం దాదాపు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మీ ఆరు నెలల వేగానికి ఫలితం ఇదే.

రాత్రిబండి
ఆయనకేం తక్కువైందండీ మరి? స్నేహితులున్నారు, వ్యాపారం నడుస్తోంది. క్రియకి చివరన ఒక అక్షరం ఊడితే కొంపేం మునిగింది?

మొండిఘటం
ఆయన కళాకారుడు, చెల్లింది. నర్సుకి చెల్లుతుందా? మందు "ఇచ్చాను", "ఇవ్వాలి" అన్నవి తారుమారైతే?

కమలిని
ఈ పాయింట్ మాత్రం మీకిచ్చేస్తున్నా. ఎవరికెంత భాష కావాలో పని బట్టే. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో పెట్టిన ఆరు మెట్ల కొలమానంలో బి2 అంటే ఇద్దరిలో ఎవరికీ ప్రయాస లేకుండా ఆ భాషవాళ్లతో మాటలు సాగడం. చాలామంది "అనర్గళం" అన్నప్పుడు మనసులో ఉండేది ఈ మెట్టే అనుకుంటాను, వీడియోలు చూపించేది మాత్రం దానికి రెండు మెట్లు కింద. ఉచ్చారణ గురించి కూడా మరీ నిరాశ అక్కర్లేదు, ర, ల తేడా వినబడని జపాన్ పెద్దవాళ్లకి చాలామంది గొంతులతో రికార్డు చేసిన మాటలు వినిపిస్తూ శిక్షణ ఇస్తే గుర్తించడం మెరుగుపడిందని 1991లోనే చూపించారు. చెవి మొండికేస్తుంది గానీ మూసుకుపోదు.

నత్తనడక
ఇంతసేపూ ఎక్కడి నుంచి బయల్దేరుతున్నామో ఎవరూ మాట్లాడలేదు. అంకెలరాయుడు గారి పట్టిక ఇంగ్లిష్ వచ్చినవాళ్లది. తెలుగువాడు కన్నడం నేర్చుకోవడానికి అన్ని గంటలెందుకు? వాక్యం పోకడ ఒకటే, లిపి అక్కాచెల్లెళ్లలా ఉంటుంది, రోజూ వినే చోట ఉంటే కొన్ని నెలల్లో పని నడిచిపోతుంది. జపనీస్ కూడా మనకి సగం దారి కలిసొస్తుంది, క్రియ చివరికే వస్తుంది, మన కి, లో, తో లాంటివి అక్కడా నామవాచకం వెనకే అతుక్కుంటాయి. ఇంగ్లిష్‌వాడు గింజుకునే చోట మనం హాయిగా నడిచిపోతాం. మనల్ని ఆపేసేది కంజీ (చైనా నుంచి తెచ్చుకున్న లిపి అక్షరాలు), నిత్యవ్యవహారానికని వాళ్ల ప్రభుత్వం పెట్టిన జాబితాలోనే 2136 ఉన్నాయి. అందుకే మాట్లాడడం ఒక లెక్క, చదవడం ఇంకో లెక్క.

జర్మన్‌లో కూడా "ఎందుకంటే" లాంటి మాటతో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకుంటే అది వింత, తెలుగులో ఆలోచిస్తే వింతేముంది? వసపిట్ట గారూ, మీ తల తిరుగుతున్నది అక్కడేనా?

వసపిట్ట
సరిగ్గా అక్కడే! మా క్లాసంతా ఇంగ్లిష్‌లోనే, నేను ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకుని తర్వాత జర్మన్‌లోకి తిప్పుతున్నాను. ఈ దెబ్బతో అది మానేస్తాను. పొద్దున గంట, రాత్రి గంట తీయగలను, అంతకుమించి నావల్ల కాదు. అంటే ఏడాదికి ఏడు వందల గంటల పైచిలుకు. బి2కి ఏడాదిన్నర పెట్టుకుంటున్నా.

రాత్రిబండి
ఆ రెండు గంటల్లో ఒకటి పూర్తిగా వినడానికే ఇవ్వండి. అదీ పాఠాలు కాదు, మామూలు జనం మాట్లాడుకునేవి. మొదట్లో చిరాకేస్తుంది, పది నిమిషాల ముక్కనే మళ్లీ మళ్లీ వినండి.

టాప్‌గేర్
ఏడాదిన్నరా! నేను నా మూడు నెలలతోనే వెళ్తున్నా, కొరియన్. చూద్దాం.

మొండిఘటం
చూద్దాం. మూడు నెలలయ్యాక ఒక ఫోన్ కాల్ రికార్డింగ్ పెట్టు తమ్ముడూ, అవతలివాళ్లు ఏం అడుగుతారో నీకు ముందే తెలియని కాల్.

టాప్‌గేర్
వీడియో కాల్ అయితే ఓకేనా?