నలభై రోజులు నీసు మానేస్తున్నా, లోపల మాత్రం ఏమీ మారడం లేదు

కావలి నుంచి:
అందరికీ వందనాలు. నేను పుట్టి పెరిగింది బాప్టిస్టు చర్చిలో. మా చిన్నప్పుడు గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఈస్టర్ రోజు తెల్లవారుజామున ఆరాధన, అంతే, ఈస్టర్‌కు ముందు శ్రమకాలం అని నలభై రోజులు పాటించింది లేదు. మా ఆవిడ వాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలికులు, అందుకని పెళ్లయినప్పటి నుంచి ఆ నలభై రోజులు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకోవడం, ఈస్టర్ దాకా చేప, కోడి ఏదీ ముట్టకపోవడం నాకూ అలవాటైంది. ఇది ఆరో ఏడు. శుక్రవారం యేసు సిలువ మోసిన దారిని తలుచుకునే సిలువ మార్గం ప్రార్థనకు వెళ్తా, పద్నాలుగు స్థలాల దగ్గరా అందరితో పాటు మోకరిస్తా, కానీ మనసంతా రొయ్యల గుంట దగ్గరే ఉంటుంది, కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయేమో, పక్క గుంట వాళ్లు నీళ్లు ఇటు వదిలారేమో అని. పక్కింట్లో చేపల పులుసు కాగుతుంటే నోరూరుతుంది, ఓర్చుకుంటా. దేవుడికి దగ్గరయ్యానని మాత్రం ఒక్క ఏడు కూడా అనిపించలేదు. మీరెవరైనా ఇలాగే ఉండి బయటపడ్డారా? నిజంగా అడుగుతున్నా.

ఒంగోలు నుంచి:
తమ్ముడూ, నేనూ బాప్టిస్టునే, రిటైరైన టీచర్ని. మన పెద్దలకు ఈ నలభై రోజులు లేవు, నిజమే, కానీ ఆకలి వాళ్లకు బాగా తెలుసు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు మన ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు పనులు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎవరూ ఆకలిని కోరి తెచ్చుకోలేదు. ఈ రోజుల్లో మధ్యాహ్నం అన్నం మానినప్పుడు నాకు వాళ్లే గుర్తొస్తారు, మనం తినగలిగీ మానుతున్నాం కదా, ఆ తేడా తలుచుకుంటే చాలాసార్లు కళ్లు తడుస్తాయి. నాకు ప్రార్థన అక్కడి నుంచే మొదలవుతుంది.

నెల్లూరు నుంచి:
బాబూ, ముందు ఒక మాట. మా కథోలిక సభ నియమం మీరు చేస్తున్నంత కఠినం కాదు. ఉపవాసం తప్పనిసరి అయ్యేది భస్మ బుధవారం, శుభ శుక్రవారం రెండు రోజులే, అదీ 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు. తపస్సు కాలంలో, అంటే మీరు శ్రమకాలం అనే ఆ నలభై రోజుల్లో, శుక్రవారాలు మాంసం వద్దంటారు గానీ చేపకు అడ్డు లేదు. మిగతాదంతా మన ఇళ్లల్లో భక్తితో పెట్టుకున్నది, మంచిదే, కానీ అదే మొత్తం అనుకోవద్దు. ఉపవాసం, ప్రార్థన, దానం మూడూ కలిసి నడవాలి. నేనూ ఎన్నో ఏళ్లు కూర మానేసి, ఆ మిగిలిన డబ్బులు ఎటు పోయాయో కూడా చూసుకోలేదు. తర్వాత ఒక హార్లిక్స్ సీసా పెట్టి ఏ రోజు కూర డబ్బులు ఆ రోజు అందులో వేయడం మొదలుపెట్టా. మా వీధిలో ఒకామె వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతుంది, ఆమె ఆటో ఖర్చుకు ఇస్తున్నా. ఇప్పుడు కూర లేని పూట ఆమె ముఖమే కళ్లముందు ఉంటుంది, జపమాల పట్టుకున్నా మనసు పక్కకు పోవడం లేదు.

కందుకూరు నుంచి:
అన్నా, బైబిల్లో యెషయా 58వ అధ్యాయం ఈ రాత్రికి మెల్లగా చదవండి. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమని చెప్పిన చోటే సొంత రక్తసంబంధికి ముఖం తప్పించవద్దని కూడా ఉంది. నేను ఆ మాట చాలా ఏళ్లు చూడకుండా దాటేశా.

కావలి నుంచి:
అందరికీ వందనాలు. తమ్ముడూ, నీ మాట సూటిగా తగిలింది. పైన పక్క గుంట వాళ్లు అని రాశానే, అది మా అన్నదే. గట్టు దగ్గర తగాదా వచ్చి మాటల్లేక నాలుగేళ్లవుతోంది, సిలువ మార్గంలో మోకరించినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ గట్టే, గుంట టెన్షన్ అనుకుని సర్దుకుంటూ వచ్చా. అక్కా, సీసా ఈ రోజే పెట్టాం, మా ఆవిడకు మీ జవాబు చదివి వినిపించా. అన్న రోజూ పొద్దున ఐదున్నరకల్లా మేత వేయడానికి వస్తాడు. రేపు ఫ్లాస్కులో టీ పోసుకుని గట్టు అవతలికి వెళ్తా. ఏం మాట్లాడాలో తెలియడం లేదు, ప్రార్థనలో నన్ను గుర్తుపెట్టుకోండి.