నోట్స్ స్టాండుకు బ్యాటరీ దీపం: ఏది మేలు?

ప్రశ్న:
సికింద్రాబాద్‌లోని ఒక చర్చి గాయకబృందంలో నేను వయొలిన్ వాయిస్తాను. క్రిస్మస్ ఆరాధనలో కొవ్వొత్తులు వెలిగించి పెద్ద లైట్లు ఆర్పేసినప్పుడు, సంగీతం నోట్స్ పెట్టుకునే స్టాండుకు తగిలించిన నా క్లిప్ లైటు ఎడమ పేజీకే సరిపోయి, కుడి పేజీ చివరి రెండు వరుసలు చీకట్లో ఉండిపోయాయి. రెండు గంటలు నిలిచే దీపం ఏదైనా సూచించగలరా?

మొదటి జవాబు:
రెండు ఏ4 కాగితాలు పక్కపక్కన పెడితే వెడల్పు 42 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి, ఒకే చోట బల్బున్న దీపం కన్నా ఎల్‌ఈడీలు వరుసగా పేర్చిన పొడవాటి పట్టీ దీపం తీసుకోవడం మంచిది. వెలుగు రంగు (దీన్ని కెల్విన్లలో చెబుతారు) 3000 నుంచి 4000 కెల్విన్ల మధ్య ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. పెట్టె మీద రాసిన గంటలు చాలాసార్లు తక్కువ వెలుగుకు సంబంధించినవే కనుక, ఇంట్లో పూర్తి వెలుగులో ఒకసారి వెలిగించి చూసుకోండి.

రెండో జవాబు:
బరువు కూడా చూడండి. నా మడత స్టాండు, పైన బ్యాటరీ బరువు పడగానే, పాట మధ్యలో మెల్లగా ముందుకు వాలిపోయింది. దీపం కొనడానికి కోఠిలోని ఎలక్ట్రానిక్స్ బజారు గుజరాతీ గల్లీకి వెళ్ళేటప్పుడు స్టాండు పైభాగాన్ని వెంట తీసుకెళ్ళి, క్లిప్ పట్టును అక్కడే పరీక్షించండి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. శనివారం స్టాండుతో సహా వెళ్తాను.