కాలు లాగారా, ఆటపట్టించారా? ఇంగ్లిష్ జాతీయాలను పోల్చుకోవడం ఎలా?

పదాలపిచ్చి: ఇంగ్లిష్ చదువుతున్నప్పుడు ఏది మామూలు మాట, ఏది జాతీయం అని అక్కడికక్కడే పట్టుకునే ఉపాయం ఏదైనా ఉందా?

నిఘంటుపురుగు: నేరుగా అర్థం అతకకపోతే జాతీయమే. పరీక్ష గురించి చెబుతూ 'పీస్ ఆఫ్ కేక్' అన్నారంటే తినేది కాదు, నల్లేరు మీద బండి నడక.

వ్యాకరణప్రియ: అతకని చోట ఎవరికైనా తెలిసిపోతుందండీ. బోల్తా పడేది రెండర్థాలూ అతికే చోటే. అప్పుడు వాక్యాన్ని కాస్త కదిపి చూడండి. 'హి కిక్డ్ ద బకెట్' అంటే మన 'బాల్చీ తన్నేశాడు', పోయాడని. దాన్నే కర్మణిలో 'ద బకెట్ వాజ్ కిక్డ్' అనండి, చావు ఎగిరిపోయి ఉత్త బాల్చీ మిగులుతుంది. 'ద' తీసి 'ఎ' పెట్టినా అంతే.

నిఘంటుపురుగు: మరి 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అన్నా గుట్టు రట్టయిందనే అర్థం పోదే?

వ్యాకరణప్రియ: పోదు. అక్కడ బీన్స్ అంటే రహస్యం, స్పిల్ అంటే బయటపెట్టడం అని ముక్కముక్కకీ అర్థం పంచుకోవచ్చు. పై బకెట్‌కి విడిగా ఏ అర్థమూ లేదు, అందుకే కదిపితే విరుగుతుంది. కాబట్టి కదిపినప్పుడు విరిగితే జాతీయమని తేలినట్టే కానీ, విరగనంత మాత్రాన కాదనలేం.

చిన్నమాట: చిన్న మాటల మీదా కన్నేయండి. 'ఇన్ హాట్ వాటర్' చిక్కుల్లో పడటం, 'ఇన్ ద హాట్ వాటర్' అయితే చాలావరకు నిజం వేణ్ణీళ్ళే. 'గాట్ కోల్డ్ ఫీట్' అంటే తీరా సమయానికి జంకాడు, 'హిజ్ ఫీట్ ఆర్ కోల్డ్' అంటే పాదాలు చల్లగా ఉన్నాయంతే. వేదిక ఎక్కబోయేవాళ్ళతో 'బ్రేక్ ఎ లెగ్' అంటే బాగా చెయ్యమని, 'హి బ్రోక్ ఎ లెగ్' అంటే కట్టు కట్టాల్సిందే.

అనువాదపుమేడి: తెలుగు పోలికను గుడ్డిగా నమ్మొద్దు. మొసలి కన్నీరు రెండు భాషల్లోనూ ఒకటే. 'పుల్లింగ్ మై లెగ్' మాత్రం ఎదగనివ్వకుండా కాళ్ళు పట్టి లాగడం కాదు, వట్టి ఆటపట్టించడం.

పదాలపిచ్చి: నిఘంటువులో ఏ మాట కింద వెతకాలి?

నిఘంటుపురుగు: ముందు నామవాచకం కింద, అంటే 'పుల్' కాదు, 'లెగ్'. నేర్చుకునేవాళ్ళ నిఘంటువుల్లో జాతీయాలు తరచూ చివర్లో విడిగా ఉంటాయి. 'సమ్‌బడీస్' అని ఉన్నచోట మై, హిజ్, హర్ ఏదైనా వస్తుంది. పక్కన 'ఇన్‌ఫార్మల్' అని ఉందేమో చూసుకోండి, సంతాప లేఖలో బకెట్ తన్నించకూడదు కదా.

చిన్నమాట: ఇంకొకటి, 'లిటరల్లీ' కనబడగానే నిజమనుకోకండి. ఒత్తి చెప్పడానికి జాతీయాల ముందు కూడా తగిలిస్తారు.