పవర్ స్టీరింగ్ పంపులో మార్పులు చేసి స్టీరింగ్ తేలిక చేయొచ్చా?

అన్నలూ, ఈ పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మాది హైడ్రాలిక్ స్టీరింగ్ (పంపు పంపే ఆయిల్ ప్రెషర్‌తో తేలికగా తిరిగేది) ఉన్న పాత డీజిల్ బండి. నాన్నగారికి కుడి భుజం ఆపరేషన్ అయింది, అయినా బండి తనే నడుపుతానంటారు. రోడ్డెక్కితే ఇబ్బంది లేదు. ఇంటి సందులో రివర్స్ తీసేటప్పుడే, ఐడిల్‌లో (రేజ్ చేయకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు), స్టీరింగ్ బిగుసుకుపోతోంది. కాస్త రేజ్ చేస్తే తేలికవుతుంది. ఇంజన్ నుంచి పంపును తిప్పే బెల్టు కొత్తది, ఆయిల్ మార్చాం, టైర్లలో గాలి సరిగ్గానే ఉంది.

పంపులో ప్రెషర్ హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషర్ వేసి ప్రెషర్ పెంచుదామంటున్నాడు మెకానిక్. హోసులు, సీళ్లు తట్టుకుంటాయా అని నా భయం. అయినా ఐడిల్‌లో తగ్గేది ఆయిల్ ఫ్లో కదా! పంపుకు చిన్న పుల్లీ వేసి వేగంగా తిప్పడమే మేలనిపిస్తోంది. హైవే మీద ఎక్కువైన ఆయిల్‌ను ఫ్లో కంట్రోల్ వాల్వు వెనక్కి పంపేస్తుంది సరే, ఎప్పుడూ ఆ వేగంతో తిరిగితే ఆయిల్ వేడెక్కి పంపు పాడవుతుందా? కూలర్ పైపు అదనంగా పెట్టించాలా? ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి, ప్లీజ్.