టెర్మినల్ నుంచి నెట్‌వర్క్ స్థితిని తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
మా రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో, డెస్క్‌టాప్ లేకుండా నల్ల తెర మాత్రమే ఉన్న ఉబుంటు (ఒక రకం లినక్స్) కంప్యూటర్ ఒకటి నీటిలోని ఆక్సిజన్ లెక్కలను ఇంటికి పంపుతూ ఉంటుంది. వాన రాత్రుల్లో అవి ఆగిపోతున్నాయి. లోపం కేబుల్‌దో, రౌటర్‌దో, బయటి లైన్‌దో కమాండ్లతో ఎలా తేల్చుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (భీమవరం నుంచి):
దగ్గరి నుంచి దూరానికి వెళ్లండి. ముందు ‘ఐపీ లింక్’ అని కొట్టండి. ఈథర్నెట్ కార్డు వరుసలో ‘నో క్యారియర్’ అని కనిపిస్తే కేబుల్ ఊడినట్టో, రౌటర్ ఆగినట్టో అనుకోవచ్చు. అక్కడ బాగుంటే ‘ఐపీ రూట్’ కొట్టి, ‘డిఫాల్ట్’ వరుసలో కనిపించే అడ్రస్‌కు, అంటే మీ రౌటర్‌కే, పింగ్ (అవతలి నుంచి బదులు వస్తుందో లేదో చూసే చిన్న సందేశం) పంపండి. రౌటర్ పలికి, ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8 పలకకపోతే బయటి లైన్‌ను అనుమానించాలి, 8.8.8.8 పలికి, వెబ్‌సైట్ పేరు పెట్టి పంపినప్పుడు మాత్రం అడ్రస్ దొరకలేదంటే అది డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు అడ్రస్ వెతికిపెట్టే వ్యవస్థ) లోపం.

జవాబు (రాజోలు నుంచి):
లినక్స్‌లో పింగ్ తనంతట తాను ఆగదు కాబట్టి కంట్రోల్, సీ కలిపి నొక్కి ఆపాలి. కొన్ని సర్వర్లు పింగ్‌కు బదులివ్వవు; ఒక్కదాన్నే నమ్మి నిర్ణయానికి రావద్దు.

ప్రశ్న అడిగినవారు:
‘నో క్యారియర్’ అనే వచ్చింది. కేబుల్ కొన ఊడదీసి చూస్తే రాగి పిన్నులు ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొన మార్చాక లెక్కలు మళ్లీ వస్తున్నాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు.