పాత 386 కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ ఒకసారి చదువుతోంది, ఒకసారి ఎర్రర్ ఇస్తోంది. ఫైళ్లు కాపాడుకోవడం ఎలా?

పెదవాల్తేరు_386:
అందరికీ నమస్కారం. మాది విశాఖ, పెదవాల్తేరు. మా నాన్నగారు తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. తొంభైల్లో ఆయన కొనుక్కున్న పీసీ ఇంకా ఇంట్లోనే ఉంది. ప్రాసెసర్ ఏఎండీ 386డీఎక్స్-40, 4 ఎంబీ ర్యామ్, 130 ఎంబీ ఐడీఈ (రిబ్బన్ కేబుల్‌తో కలిపే పాత రకం) హార్డ్ డిస్క్, ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ 6.22. తెలుగు టైపింగ్ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు వేయించారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తిరిగి సేకరించిన సామెతలు, ఊడ్పు పాటలు అన్నీ ఆయన ఇందులోనే టైప్ చేసుకున్నారు. రాతప్రతులు 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తడిసి ముద్దయిపోయాయి. ఇప్పుడు ఉన్నదల్లా ఈ డిస్కే.

సమస్య ఏంటంటే, ఆన్ చేసిన కొత్తలో అంతా సవ్యంగా ఉంటుంది. కాసేపు నడిచాక ఏదో ఒక ఫైలు దగ్గర ఆగిపోయి ‘డేటా ఎర్రర్ రీడింగ్ డ్రైవ్ సి: అబార్ట్, రీట్రై, ఫెయిల్?’ అంటుంది. రీట్రై కొడితే ఒక్కోసారి చదివేస్తుంది. ఒక్కోసారి ‘సెక్టార్ నాట్ ఫౌండ్’ అంటుంది. మర్నాడు అదే ఫైలు హాయిగా తెరుచుకుంటుంది, వేరే ఫైలు మొరాయిస్తుంది. ఎర్రర్ వచ్చే ముందు మోటారు కూత ఒక్క క్షణం కిందికి జారి, లోపల టక్‌మని చప్పుడై, మళ్లీ పైకి లేస్తుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. డిస్క్ విప్పి యూఎస్‌బీ కన్వర్టర్‌తో లాప్‌టాప్‌కి పెట్టి చూశాను, అసలు కనిపించనే లేదు. డిస్క్ పోయినట్టేనా? నాన్నగారు రోజూ అడుగుతున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది.

డాస్_అభిమాని:
డిస్క్‌ను పరీక్షించే డాస్ ప్రోగ్రామ్ స్కాన్‌డిస్క్‌తో సర్ఫేస్ టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలేయండి. బ్యాడ్ సెక్టార్లను (డిస్క్ మీద పాడైన చోట్లను) మార్క్ చేసేస్తుంది, ఆ తర్వాత ఇబ్బంది ఉండదు.

గాజువాక_బెంచ్:
అమ్మా, స్కాన్‌డిస్క్ మాత్రం ఇప్పుడు పెట్టకండి. లోపం డిస్క్ పళ్లెంలో కాకుండా కేబుల్లోనో కరెంటులోనో ఉంటే, అది బాగున్న చోట్లను కూడా చెడ్డవని గుర్తు వేసి, ఫైళ్ల పట్టికను తిరగరాసేస్తుంది. లోపం ఎక్కడుందో తేలేదాకా ఆ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయించకూడదు. ఫార్మాట్ మాట ఎవరన్నా ఎత్తితే వినకండి. ఐడీఈ డిస్కులకు లో-లెవెల్ ఫార్మాట్ అసలే వద్దు.

నేను తొంభైల్లో ద్వారకానగర్‌లో ఇవే మెషీన్లు రిపేరు చేసేవాణ్ణి. మీరు రాసినదాంట్లో నాకు ధైర్యం ఇచ్చింది ఒకటే మాట, ఎర్రర్ రోజుకో చోట వస్తోందని. పళ్లెం మీద గీత పడితే పోయిన సెక్టార్ పోయినట్టే, ఎప్పుడు అడిగినా అక్కడే ఆగుతుంది. చోటు మారుతోందంటే ముందు డిస్క్ చుట్టూ ఉన్నవాటిని అనుమానించాలి. పైగా మోటారు కూత జారి లేస్తోందంటున్నారు. పవర్ ఒక్క క్షణం పడిపోతే డ్రైవ్ రీసెట్ అయి, హెడ్ మళ్లీ మొదటికి వెళ్లి చోటు వెతుక్కుంటుంది. ఆ టక్ అదే అయ్యుండాలి.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి తగిలే ఇళ్లలో కనెక్టర్ పిన్నులు నల్లబడతాయి. చూడ్డానికి గట్టిగానే కూర్చున్నట్టు ఉంటుంది, కాంటాక్ట్ మాత్రం సరిగ్గా ఉండదు. చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తుంది, వేడెక్కితే సడలుతుంది.

మల్టీమీటర్ ఉంటే డ్రైవ్‌కి వెళ్లే నాలుగు వైర్ల పవర్ కనెక్టర్‌ను ఊడదీయకుండా, వెనకవైపు నుంచి ప్రోబులు పెట్టి కొలవండి. నలుపు నుంచి ఎరుపుకి 5 వోల్టులు, నలుపు నుంచి పసుపుకి 12 వోల్టులు రావాలి. 5 వోల్టుల లైను 4.75 కన్నా కిందికి దిగకూడదు. ఊరికే కొలిస్తే తెలియదు. ఫైళ్లన్నిటినీ జాబితా వేసే ‘డిర్ /ఎస్’ కమాండ్ కొట్టి డిస్క్ పరిగెడుతున్నప్పుడు చూడాలి. మీటర్‌లో మినిమమ్ పట్టుకునే బటన్ ఉంటే ఇంకా మంచిది. తర్వాత అదే కొలత మదర్‌బోర్డు కనెక్టర్ దగ్గర కూడా తీసుకోండి. రెండుచోట్లా తక్కువుంటే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె)లో కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. డ్రైవ్ దగ్గరే తక్కువుంటే మధ్యలో ఉన్న వైరో జాయింటో కారణం.

ఒక్క జాగ్రత్త. ఆ కాలం ఏటీ క్యాబినెట్లలో ముందున్న ఆన్ స్విచ్‌కి నేరుగా 230 వోల్టులు వస్తాయి. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్ పీకకుండా అటు చెయ్యి పెట్టకండి.

ఎంవీపీ_పారలల్:
యూఎస్‌బీ కన్వర్టర్‌కి కనిపించకపోవడానికి వేరే కారణం ఉంది. మీ డిస్క్ కాలంలో చాలా డ్రైవ్‌లకు సిలిండర్, హెడ్, సెక్టార్ లెక్కే తెలుసు. కన్వర్టర్లు ఎల్‌బీఏ (సెక్టార్లన్నిటికీ వరస నంబర్లిచ్చే) పద్ధతిలోనే అడుగుతాయి. కాబట్టి కనిపించలేదని డిస్క్ చచ్చిపోయినట్టు కాదు, కంగారుపడకండి. బయాస్ (మెషీన్ సెటప్)లో డిస్క్ టైప్ 47 కింద ఉన్న ఆ మూడు అంకెలు ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి. బ్యాటరీ పోయి అవి చెరిగిపోతే డిస్క్ బాగున్నా చదవదు.

పెదవాల్తేరు_386:
గురువుగారూ, మీరు చెప్పినట్టే కొలిచాను. మదర్‌బోర్డు దగ్గర 4.98. డ్రైవ్ దగ్గర ఊరికే ఉన్నప్పుడు 4.86, డిస్క్ పరిగెడుతుంటే 4.61 దాకా పడిపోతోంది! మధ్యలో ఒక వై కేబుల్ (ఒక పవర్ వైరును రెండుగా చీల్చేది) ఉంది. ఎప్పుడో సీడీ డ్రైవ్ పెట్టినప్పుడు వేసినది. దాన్ని ఊడదీస్తే ఎర్ర వైరు పిన్ను నల్లగా ఉంది, చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. వై కేబుల్ తీసేసి ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే వైరును నేరుగా డ్రైవ్‌కి పెట్టాను. ఇప్పుడు పరిగెడుతున్నా 4.94 దగ్గరే నిలబడుతోంది. సాయంత్రమంతా నడిపాను, ఎర్రర్ రాలేదు. బయాస్ అంకెలు కూడా రాసుకున్నాను: 1001, 15, 17.

ఇప్పుడు కాపీ ఎలా తీయాలి? ఫ్లాపీ డ్రైవ్ పనిచేయడం లేదు.

గాజువాక_బెంచ్:
చాలా సంతోషం అమ్మా. ఆ వై కేబుల్‌ను ఇక వాడకండి, పారేయండి. రిబ్బన్ కేబుల్ రెండు చివర్లూ, ఐడీఈ కార్డు బంగారు రంగు అంచూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పిన్నులు వంగకుండా కేబుల్‌ను తిన్నగా పీకాలి. ఆ పని అయ్యాక వెంటనే కాపీ మొదలుపెట్టండి. ఇవాళ నడుస్తోంది కదా అని వాయిదా వేయొద్దు, ముప్పై ఏళ్ల మోటారు అది.

ఎంవీపీ_పారలల్:
డాస్ 6.22లోనే రెండు కంప్యూటర్లను కేబుల్‌తో కలిపే ఇంటర్‌లింక్, దాని జోడీ ఇంటర్‌సర్వ్ ఉన్నాయి. మీ 386లో ఇంటర్‌సర్వ్ నడిపి, డాస్ ఉన్న ఇంకో మెషీన్‌లో ఇంటర్‌లింక్ పెట్టి, మధ్యలో పారలల్ కేబుల్ వేస్తే మీ సి డ్రైవ్ అక్కడ ఇంకో డ్రైవ్‌లా కనిపిస్తుంది. మామూలు ప్రింటర్ కేబుల్ పనికిరాదు, వైర్లు తిప్పి కట్టినది కావాలి. నా దగ్గర ఒకటి ఉంది, పాత పెంటియం లాప్‌టాప్ కూడా ఉంది. మెసేజ్ పెట్టండి, ఆదివారం పట్టుకొస్తాను. ముందు నాన్నగారి ఫోల్డర్, తర్వాతే మిగతావి.

ఫైళ్లు వచ్చాక లాప్‌టాప్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, భయపడకండి. జిస్ట్‌లో తెలుగు ఇస్కీ కోడ్‌లో ఉంటుంది. 1991లో భారత ప్రమాణంగా ఖరారైన కోడ్ అది. ఐసీయూ అనే యూనికోడ్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ ప్రోగ్రామ్ దాన్ని యూనికోడ్‌లోకి మారుస్తుంది. మార్చేది కాపీని మాత్రమే, అసలు ఫైలును అలాగే ఉంచండి.

పెదవాల్తేరు_386:
నాన్నగారి ఫోల్డర్ మొత్తం వచ్చేసింది, ఒక్క ఎర్రర్ కూడా లేదు! మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ‘ఊడ్పు1’ ఫైలు యూనికోడ్‌లోకి మార్చి చూపించాను. నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక పాటలో చరణాల వరస తప్పిందని అప్పుడే దిద్దడం మొదలుపెట్టారు. ఒత్తులు కొన్నిచోట్ల విడిపోయాయి, అవి మేమే సరిచేసుకుంటాం.

ఇంకొక్క సందేహం. మదర్‌బోర్డు మీద నీలం రంగు పీపాలాంటి బ్యాటరీ ఉంది, దాని కాళ్ల దగ్గర పచ్చగా చిలుము పట్టింది. దాన్ని కూడా మార్చాలా?

గాజువాక_బెంచ్:
వెంటనే కత్తిరించి తీసేయండమ్మా. నికెల్ కాడ్మియం బ్యాటరీ అది. కారిన క్షారం బోర్డు రాగి గీతలను తినేస్తుంది. చిలుము ఉన్నచోట దూదితో కాస్త వెనిగర్ అద్ది, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, చివర ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. పక్కనే బయటి బ్యాటరీకి నాలుగు పిన్నుల కనెక్టర్ ఉంటుంది. బోర్డు మీద ఎన్ని వోల్టులని రాసుందో, ప్లస్ ఎటువైపో చూసి ఇక్కడ ఫొటో పెట్టండి, ఏ సెల్స్ వేయాలో చెబుతాను. జంపర్ (బోర్డు పిన్నులను కలిపే చిన్న బిళ్ల) కూడా మార్చాల్సి రావచ్చు, అది ఫొటోలో కనబడేలా తీయండి.