రెండు భాషల్లో ఏది బలంగా ఉందో కొలిచేదెలా?

ప్రశ్న: మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా అమ్మాయి రెండూ గడగడా మాట్లాడుతుంది కానీ తెలుగు జారిపోతోందేమోనని నాకు టెన్షన్. కొలవడానికి పద్ధతులున్నాయా?

జవాబు: ఉన్నాయండి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ల బైలింగ్వల్ లాంగ్వేజ్ ప్రొఫైల్ ప్రశ్నావళి చూడండి. ఏ వయసులో నేర్చుకున్నారు, వారంలో ఎవరితో ఎంత వాడతారు, ఎంత బాగా వచ్చు, ఎంత మమకారం ఉంది అని నాలుగు భాగాలు, స్కోరు -218 నుంచి +218 దాకా, సున్నా దగ్గరుంటే దాదాపు సమానం. అయితే అది పెద్దవాళ్లు తమ గురించి తామే నింపేది.

జవాబు: సొంత అంచనా ఒక్కటే చాలదు. హవాయి విశ్వవిద్యాలయంలో హాలా అనే పద్ధతి తయారుచేశారు, ఒంటి భాగాల బొమ్మలు చూపించి పేరు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తారు, ఎక్కువ వాడే భాషలో మాట త్వరగా వస్తుంది. ముక్కు, చెయ్యి ఎవరైనా చెప్తారు, చీలమండ లాంటివి అడగండి.

జవాబు: నా మాట వింటే ఒకే మార్కు కోసం చూడొద్దు. వంటింటి కబుర్లలో తెలుగు, లెక్కల్లో తమిళం బలంగా ఉండొచ్చు. ఒకే కథ రెండు భాషల్లో వేర్వేరు రోజుల్లో చెప్పించి రికార్డు చేయండి, ఎక్కడ తడుముకుంటుందో వినండి. చదవడం, రాయడం విడిగా చూడాలి. అక్షరాలు నేర్పారా ఇంతకీ?